మూడు వందల గుండెలు, ఒకే పెన్ను

చిత్రావతి విశ్వవిద్యాలయంలో రజియా మేడం ఉద్యోగం పోయింది పాఠం చెప్పడం రాక కాదు. ఆ సంగతి ఉపకులపతి నుంచి క్యాంటీన్‌లో ఉగ్గాని వడ్డించే వన్నూరమ్మ దాకా అందరికీ తెలుసు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను పక్కింట్లో పడుకోబెట్టి వచ్చి, గుండె దడదడలాడుతుండగానే ఆమె గంటసేపు జంతుశాస్త్రం పాఠం చెప్పింది. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. కానీ ఆమె మెడ ఎముక కింద అంటించిన బిళ్ళకు పాఠంతో పని లేదు. ఆ గంటకి అది ఎరుపు చూపించింది. మూడు నెలల్లో అలాంటి గంటలు నలభైకి పైగా తేలాయి. కాంట్రాక్టు పొడిగించడం లేదని కాగితం వచ్చింది. కారణం అనే చోట "భావోద్వేగ ప్రజ్ఞ చాలదు" అని రాసి ఉంది.

ఆ కాగితం మీద సంతకం చేసిన ముగ్గురిలో త్రివేణి ఒకతె. బోధనా నాణ్యతా కేంద్రంలో ఆమెది రెండో కుర్చీ. సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, ఆ సాయంత్రం మామూలుగా ఇంటికి పోయి కుక్కర్ పెట్టింది. అట్లా పెట్టగలిగినందుకు తర్వాత చాలా రోజులు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. కానీ ఆ పూట ఆమె బుర్రలో రజియా లేదు. వరసలో తర్వాతి పేరు ఆమె భర్త మద్దిలేటిది.

బిళ్ళ అసలు పేరు భావసూచి. చూడడానికి గుండ్రంగా, చొక్కా గుండీ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. క్లాసుకి పోయే ముందు అంటించుకోవాలి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చర్మం ఎంత చెమరుస్తోంది, గొంతు ఎక్కడ హెచ్చింది, ఎక్కడ వణికింది, అన్నీ అది పట్టుకుంటుంది. "మంచి అధ్యాపకుల" కొలతతో వాటిని పోల్చి, ఎప్పటికప్పుడు రంగునూ, గంట చివర నూటికి ఇన్ని మార్కులనీ సెల్‌ఫోన్‌కి పంపుతుంది. డెబ్బై దాటితే పచ్చ, యాభై దాటితే పసుపు, ఆ కింద ఎరుపు. మనిషి మరీ ఊగిపోతుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమనిపిస్తుంది కూడా. తన భావాలను అదుపులో పెట్టుకున్నవాడే ఎదుటివాడి భావాలను అర్థం చేసుకుంటాడనీ, అలాంటి అధ్యాపకుడే బాగా పని చేస్తాడనీ శాస్త్రీయంగా రుజువైందని కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. రుజువు చేసింది త్రివేణే. పన్నెండేళ్ళ కిందటి ఆమె పీహెచ్‌డీ అదే.

పర్మనెంటు ఉద్యోగికి ఎరుపు వస్తే ఒక సలహా ఉత్తరం అందుతుంది. కాంట్రాక్టు మనిషికి మూడు నెలలు వరసగా వస్తే ఇక ఇంటికే.

మద్దిలేటి పదిహేడేళ్ళుగా రసాయనశాస్త్రంలో కాంట్రాక్టు లెక్చరరు. మొదటి నెల ముప్పై ఎనిమిది వచ్చింది, రెండో నెల ముప్పై నాలుగు. రాక ఏం చేస్తుంది? ల్యాబులో ఎవరన్నా యాసిడ్‌లోకి నీళ్ళు వంచబోతే గోడలు అదిరేలా అరుస్తాడు. అరిచిన పది నిమిషాలకి ఆ పిల్లవాణ్ణే వెంటబెట్టుకుపోయి టీ తాగిస్తాడు. వెనకబడిన పిల్ల ఒక సమీకరణాన్ని సొంతంగా తేల్చిందంటే కళ్ళు తుడుచుకుంటాడు. ఎవరినన్నా చదువు మానిపిస్తున్నారని తెలిస్తే స్కూటరేసుకొని ఆ ఊరికి పోయి, వాళ్ళ అరుగు మీద కూర్చొని, వాళ్ళ నాయనతో కొట్లాడి వస్తాడు. అట్లా ఎనిమిది మంది ఆడపిల్లలు ఎమ్మెస్సీ పూర్తి చేశారు. బిళ్ళ దృష్టిలో అవన్నీ అదుపు తప్పిన ఘడియలు.

"ఇట్లాంటి గుండెతో పాఠం చెప్పకూడదంట," అని మొదటి నెల నవ్వాడు. రెండో నెల నవ్వలేదు.

రెండు ఎరుపులు పడ్డవాళ్ళకు మూడో నెల లెక్కించే ముందు కేంద్రంలో ఆరు వారాల శిక్షణ ఉంటుంది. గాజు తలుపుకి అవతల ఒక కుర్చీ, కుర్చీ ఎదురుగా తెర. ఇవతల త్రివేణి, ఆమె ముందు శిక్షణలో ఉన్న మనిషి గుండె గీత. భర్త అటువైపు, భార్య ఇటువైపు కూర్చోవడం బాగుండదేమోనని ఒక్కరూ అనలేదు. డైరెక్టర్ మహానందయ్య అయితే, ఇంట్లో కూడా సాధన చేయించొచ్చు కదమ్మా, మంచిదే, అన్నాడు.

తెర మీద బొమ్మలు నడిచేవి. ఫెయిలైన కొడుకు గురించి బతిమాలే తల్లి. పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల. మద్దిలేటి కుర్చీలో ముందుకు జరిగేవాడు. బిళ్ళ చురుక్కుమనేది. వెనక్కి జరిగేవాడు. త్రివేణి మైకులో శిక్షణ పుస్తకంలోని మాటలు చదివేది: నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి. విద్యార్థి కళ్ళలోకి కాదు, కనుబొమల మధ్య చూడండి. "నీ బాధ నాకు అర్థమవుతోంది" అని చెప్పి, ఆగండి. ఆ ఒక్క వాక్యానికి బిళ్ళ ఎప్పుడూ మంచి మార్కులే వేసేది.

నాలుగో వారానికి అతని గీత మీద కొండలు తగ్గాయి. ఆరో వారానికి ఎండిన ఏటి ఇసుకలా చదునైంది. త్రివేణి దాన్ని చూసి సంతోషించింది. అబద్ధం చెప్పడం ఎందుకు, చాలా సంతోషించింది.

ఇంట్లో కూడా బిళ్ళ తీయడం మానేశాడు మద్దిలేటి. అలవాటు కావాలి కదా అన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్ళెం జరిపి, పర్వాలేదు అనేవాడు. రోడ్డు మీద అడ్డదిడ్డంగా బండి నడిపిన వాణ్ణి చూసి నోరు మెదపలేదు. ఒక ఆదివారం కూతురు సాహితి సైకిల్ మీద నుంచి పడి, మోకాలి చర్మం దోక్కుపోయి, నెత్తురు కారుతూ ఇంట్లోకి వచ్చింది. పాత మద్దిలేటి అయితే పిల్లను ఎత్తుకొని, సైకిల్‌నీ, రోడ్డునీ, మునిసిపాలిటీనీ తిడుతూ వీధి చివరి డాక్టరు దాకా పరిగెత్తేవాడు. ఇప్పుడు తల ఎత్తి చూశాడు. నీళ్ళతో కడుక్కో, దూది అలమరలో ఉంది అని చెప్పి, మళ్ళీ జవాబు పత్రాలు దిద్దుకున్నాడు.

కట్టు కడుతున్న తల్లిని సాహితి మెల్లగా అడిగింది. "నాన్నకి నా మీద కోపమా?"

"కోపమొస్తే తిడతాడు కదే."

"అదేనమ్మా. తిట్టను కూడా తిట్టలేదు."

మూడో నెల మద్దిలేటికి తొంభై ఒకటి వచ్చింది. నిండు పచ్చ. మహానందయ్య త్రివేణిని గదికి పిలిచి, మీ ఆయన మన కేంద్రానికే ఉదాహరణ, శుక్రవారం విద్యామండలి సమావేశంలో ఆయన గీతనే చూపిద్దాం అన్నాడు. రాష్ట్రంలోని అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ బిళ్ళ పెట్టే ప్రతిపాదన ఆ రోజే వస్తోంది. చదివి వినిపించాల్సింది త్రివేణి. ఆమె ఇంటికి పోయేటప్పుడు మైసూర్‌పాక్ కొనుక్కుపోయింది. మద్దిలేటి ఒక ముక్క నోట్లో వేసుకొని, బాగుంది అన్నాడు. ఉప్పు ఎక్కువైన కూరను పర్వాలేదన్న గొంతుతోనే.

సోమవారం పొద్దున హనుమక్క వచ్చింది.

హనుమక్క ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. కళ్యాణదుర్గం అవతల ఒక పల్లె. చదువు మానుకొని సర్టిఫికెట్లు తీసుకుపోవాలంటే ప్రతి విభాగంలోనూ ఒక సంతకం కావాలి, కేంద్రంలో కూడా. ఫారం బల్ల మీద పెట్టి నిలబడింది. రెండు నెలల్లో పరీక్షలు పెట్టుకొని ఎందుకు మానుతున్నావని త్రివేణి అడిగింది. ఇంటి సంగతే మేడం, అన్నదా పిల్ల. నాయన నడుము పట్టేసి ఏ పనికీ పోలేకపోతున్నాడు. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే చిన్నమ్మ ఈ ఆదివారం వచ్చి తీసుకుపోతుంది. వెనక ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు.

మద్దిలేటి సార్‌కి చెప్పలేదా అని అడిగింది త్రివేణి.

"చెప్పినా మేడం. ఏడుస్తా చెప్పినా." హనుమక్క ఫారం అంచు మడిచింది. "నీ బాధ నాకు అర్థమవుతోంది అన్నాడు సార్. గ్లాసుతో నీళ్ళిచ్చినాడు. మా సీనియర్ల ఇండ్లకి పోయినాడంట కదా, మా నాయన దగ్గరికీ వస్తా అంటాడేమో అని కూచున్నా. సార్ ఫోను చూసుకున్నాడు, పచ్చగా ఉందో లేదో అని. బాగా ఆలోచించుకొని నిర్ణయం తీసుకో అన్నాడు. అంతే." మళ్ళీ తనే అన్నది. "సార్ తప్పేం లేదులే మేడం. ఎవరి ఉద్యోగం వాళ్ళకి ముఖ్యం కదా."

త్రివేణి సంతకం చేయలేదు. మళ్ళీ రమ్మని ఆ పిల్లను పంపేసింది.

సాయంత్రం మద్దిలేటి చెప్పులు విప్పుతుండగానే అడిగింది. చదువుకునే రోజుల నుంచీ ఇద్దరికీ ఒకరినొకరు నువ్వు అనే అలవాటు. ఆ పిల్ల నీ ముందు కూర్చొని ఏడిస్తే నీకేమీ అనిపించలేదా అన్నది.

మద్దిలేటి దాచలేదు. "అనిపిస్తాదేమో అని చూసినా. ముందు బిళ్ళను చూసినా, తర్వాత పిల్లను చూసినా. ఏమీ కదల్లేదు త్రివేణీ."

"భయం వేయలేదా, కదల్లేదని?"

"అది కూడా వేయలేదు," అన్నాడు. అని, స్నానానికి పోయాడు.

తనే ఇన్నాళ్ళూ మైకులో లెక్కపెట్టిన నాలుగు అంకెలు ఆమె చెవుల్లో మోగుతున్నాయి. మరుసటి రోజు కేంద్రంలో రికార్డు గది తాళం తీయించింది. పన్నెండేళ్ళుగా ఆ గదిలోకి పోవాల్సిన పని ఆమెకు పడలేదు. అసలు మాట, పోవడం ఆమెకు ఇష్టం లేదు.

పీహెచ్‌డీ రోజుల్లో త్రివేణి మూడు వందల మంది అధ్యాపకుల మణికట్లకు వారం పాటు పట్టీలు కట్టింది. ఆ పట్టీలు నమోదు చేసిన గుండె లెక్కలన్నీ నిజమైనవే. దాంతో పాటు ఒక్కొక్కరికీ నలభై ప్రశ్నల ఫారం ఇచ్చింది. విద్యార్థి బాధ నన్ను కలవరపెడుతుంది. నా కోపం రాకముందే నాకు తెలుస్తుంది. ఇలాంటి మాటల ఎదురుగా ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఫారాలన్నీ తిరిగొచ్చాయి. అడుగున సంతకాలతో వచ్చాయి. టిక్కులు లేకుండా వచ్చాయి. స్టాఫ్ రూముల్లో దాన్ని ఎవరూ తప్పనుకోరు. పరిశోధన చేసే పిల్లకు సంతకం పెట్టివ్వడమే పెద్ద సాయం, మిగతాది ఆ పిల్లే చూసుకుంటుంది. ఒక హెడ్డు వీపు తట్టి మరీ, నువ్వే పెట్టేసుకోమ్మా, నీ మీద నాకు నమ్మకం అన్నాడు. గైడు మహానందయ్య ఫారం కూడా ఖాళీగానే వచ్చింది.

అప్పుడు సాహితి కడుపులో ఏడో నెల. గడువు పది రోజులు. వరసగా కలిసొచ్చిన నాలుగు సెలవుల్లో భోజనాల బల్ల మీద ఫారాలు పేర్చుకున్నారు. మద్దిలేటి పేరు చదివి మార్కు చెప్పాడు, త్రివేణి టిక్కు పెట్టింది. ఒకే పెన్ను. రీఫిల్ మాత్రం మూడుసార్లు మార్చారు. హెడ్డులకి, ప్రొఫెసర్లకి ఐదులు వేసేయ్, రేపు నీ వైవాకి వచ్చి కూచునేది వాళ్ళే, మనలాంటోళ్ళకి రెండు చాలు అన్నాడు మద్దిలేటి. అతనూ ఆ మూడు వందల్లో ఒకడు. తన ఫారం చేతికి రాగానే, "ఈయనకి ఒకటి వెయ్, ఒట్టి కోపిష్టి," అని పగలబడి నవ్వాడు. ఆమె కూడా పొట్ట పట్టుకొని నవ్వింది.

ఆ ఫారం ఇప్పుడు దొరికింది. రెండు వందలకి యాభై రెండు. అదే కట్టలో మహానందయ్యది నూట తొంభై నాలుగు.

థీసిస్ తర్వాత బిళ్ళ తయారు చేసిన కంపెనీ వేలమంది లెక్కలు చేర్చిందనీ, తన టిక్కులు ఆ సముద్రంలో ఎక్కడో కలిసిపోయి ఉంటాయనీ ఇన్నాళ్ళూ త్రివేణి తనకు తాను చెప్పుకుంది. రికార్డు గదిలో నిలబడే ఆ కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేసి అడిగింది. అతను ఉత్సాహంగానే వివరించాడు. తర్వాత చేరిన వేలమందికి మార్కులు వేసింది కూడా ఆ మొదటి మూడు వందల మంది కొలతేనట. పునాది మీదే మేడం, అన్నాడు.

ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది, తమ బల్ల మీద ఏం తయారైందో. బిళ్ళ నేర్చుకున్నది ప్రజ్ఞ కాదు, పదవి. ఎవరూ ఎదురు చెప్పని మనిషి గుండె ఎంత తీరిగ్గా కొట్టుకుంటుందో, చల్లని గదిలో చర్మం ఎంత పొడిగా ఉంటుందో అది నేర్చుకుంది. వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి గుండె ఎట్లా ఉలికిపడుతుందో కూడా నేర్చుకుంది. మొదటిది మంచిదన్నది, రెండోది చెడ్డదన్నది. అట్లా అనమని చెప్పింది తామిద్దరే. వైవా గట్టెక్కడం కోసం పెట్టిన టిక్కులు రజియాను ఇంటికి పంపాయి. మద్దిలేటిని ఇంట్లో ఉంచి అతనిలోని మనిషిని పంపేశాయి.

మహానందయ్యకు చెప్పడానికి ఆమె బుధవారం పోయింది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, కాబట్టి ఆయన ఏం చెప్పినా సగంమంది అది జ్ఞానమనుకుంటారు. పూర్తిగా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. నా ఫారం నేను నింపలేదని నాకు తెలీదా అమ్మా, అన్నాడు. తన థీసిస్ ఫారాలు కూర్చొని నింపింది తన మేనల్లుడని కూడా చెప్పాడు. తన గైడు సంగతి అంతకంటే ఘోరమట.

"అందరూ చేసేదే త్రివేణమ్మా."

"అందరూ చేసింది ఎవరి ఉద్యోగాలూ తీయలేదు సార్."

ఆయన నవ్వాడు. నీ డిగ్రీ పోతుంది, డిగ్రీ మీద వచ్చిన పర్మనెంటు ఉద్యోగం పోతుంది, మీ ఆయనకు తొంభై ఒకటి వచ్చిన ఈ సమయంలో నీకీ తెగులు ఎందుకు పుట్టింది అని మెత్తగా అడిగాడు. ఇంట్లో ఒక ఆడపిల్ల ఉందని గుర్తు చేశాడు. ఎదురుగా బల్ల మీద ఆయన ఫోను, మెడ కింది బిళ్ళ రంగు చూపిస్తూ, వెలుగుతూ ఉంది. అంతసేపూ ఒక్క క్షణం కూడా పచ్చ తగ్గలేదు. ఎదురుగా ఒక మనిషి తగలబడుతుంటే చెక్కుచెదరని ఆ గుండెను చూసి త్రివేణికి అరిచేయి దురద పెట్టింది. రెండు చేతులూ కట్టుకొని లేచి వచ్చేసింది.

శుక్రవారం పదకొండు గంటలకు విద్యామండలి కూడింది. ఉపకులపతి, రిజిస్ట్రారు, హెడ్డులు, మొత్తం ముప్పై నలుగురు. ఆదర్శంగా ఉండాలని అందరూ బిళ్ళలు పెట్టుకొచ్చారు. గోడ మీది తెర నిండా ముప్పై నాలుగు పచ్చ చుక్కలు, పక్కన త్రివేణిది ముప్పై అయిదోది. అది అప్పటికే పసుపు.

ఆమె ప్రతిపాదన చదవలేదు. చంకలో పెట్టుకొచ్చిన ఫారాలు విప్పి, ఆ ముప్పై నలుగురిలో తన పాత మూడు వందల్లో ఉన్న పంతొమ్మిది మంది దగ్గరికీ తనే పోయి, ఎవరి ఫారం వాళ్ళ ముందు పెట్టింది. కింది సంతకం మీదేనా అని అడిగింది. పైన టిక్కులు మీవేనా అని అడిగింది. పదకొండో ప్రశ్న చదవమన్నది. విద్యార్థి బాధ నన్ను కలవరపెడుతుంది. అందరికీ ఐదే. "ఈ ఐదు మీరెవరూ పెట్టలేదు. నేను పెట్టినా. ఈ పంతొమ్మిది మందివే కాదు, మూడు వందల మందివీ నేనొక్కదాన్నే పెట్టినా. ఆ టిక్కులతో తయారైన బిళ్ళతో మనం రజియాను తీసేసినాం. ఆమెతో కలిపి పదకొండు మందిని తీసేసినాం. వాళ్ళలో ఎనిమిది మంది ఆడవాళ్ళు. ఇప్పుడు రాష్ట్రమంతా తీసేద్దామంటున్నారు," అన్నది. ఆమె గొంతు వణికింది. వణకనిచ్చింది.

బిళ్ళ చురుక్కుమంటూనే ఉంది. తెర మీద ఆమె చుక్క రక్తం బొట్టులా ఎర్రబడింది. మిగతా ముప్పై నాలుగూ పచ్చగానే ఉన్నాయి. తమ అబద్ధం తమ ముందు కాగితం మీద పెట్టి చూపిస్తే కూడా ఒక్క గుండె ఉలిక్కిపడలేదు. పాలనలో ఇలాంటివి మనసుకు పట్టించుకోకూడదని ఉపకులపతి అన్నాడు. రిజిస్ట్రారు మంచినీళ్ళు తెప్పించాడు. అప్పుడు చివర కూర్చున్న చరిత్ర శాఖ హెడ్డు జయమ్మ కళ్ళజోడు తీసి, ఫారాన్ని కాసేపు చూసి, "ఈ సంతకం నాది. మిగతాది నాది కాదు. రాసుకోండి," అన్నది. తెర మీద రెండో చుక్క పసుపైంది, తర్వాత ఎర్రబడింది.

తీర్మానం ఇది: విచారణ సంఘం వేస్తారు. సంఘం నివేదిక ఇచ్చే దాకా త్రివేణి విధుల్లో ఉండకూడదు. బిళ్ళలు మాత్రం ఉంటాయి. సంఘానికి అధ్యక్షుడు మహానందయ్య.

ఇంటికి వచ్చి మద్దిలేటికి చెప్పింది. అతను కుర్చీలో కూర్చొని విన్నాడు. సరేలే, ఏదో ఒకటి చూద్దాం అన్నాడు. అదే చదునైన గొంతు. త్రివేణికి భయం వేసింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఈ గొంతుతో ఇంకో ముప్పై ఏళ్ళు బతకాలని తట్టినందుకు. సమావేశం కాగానే తను రాసి రిజిస్ట్రారుకిచ్చిన వాంగ్మూలం నకలు అతని ముందు పడేసి వంటింట్లోకి పోయింది.

బియ్యం కడుగుతుండగా వెనక నుంచి వినిపించింది.

"ఇదేంది?"

ఆమె తిరిగి చూసింది. మద్దిలేటి కాగితం పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"మూడు వందల ఫారాలూ నేనొక్కదాన్నే నింపినానంటావా? నేనేం చేస్తాంటి అప్పుడు, గోళ్ళు గిల్లుకుంటాంటినా?"

"ఒక ఉద్యోగమన్నా మిగలాల కదా."

"నాకు ఒకటి వెయ్ అని చెప్పిందెవరు? హెడ్డులకి ఐదు అని చెప్పిందెవరు? నా పాపంలో నుంచి నన్ను తీసేసేదానికి నువ్వెవరే?" గొంతు ఒక్కో మాటకీ పైకి పోతోంది. "రజియా నా ఎదురుగా ఏడ్చుకుంటా పోయింది. ఆ హనుమక్క నీళ్ళు తాగి గ్లాసు కడిగిపెట్టి పోయింది. నేను ఫోను చూసుకుంటా కూచున్నా. ఇంత చేసినాక కూడా మంచోణ్ణని చెప్పుకొని తిరగాల్నా నేను?"

పక్కింటావిడ కిటికీ తెరిచి చూసింది. సాహితి పుస్తకం వదిలేసి గదిలో నుంచి పరిగెత్తుకొచ్చింది. మద్దిలేటి అరుస్తూనే ఉన్నాడు. కళ్ళలో నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు. మెడ కింద బిళ్ళ కుట్టి కుట్టి చుట్టూ ఎర్రగా దద్దురు లేచింది. దాన్ని గోటితో పీకి సింకులో పారేశాడు. అది చర్మాన్ని కూడా కొంచెం పట్టుకుపోయింది. తప్పు తనదే కాబట్టి త్రివేణి చేతిలో గిన్నె అలాగే పట్టుకొని, అర్ధగంట సేపు తిట్టించుకుంది. అంత కడుపు నిండిన అర్ధగంట ఈ మధ్య ఆమెకు దొరకలేదు.

శనివారం పొద్దున అతను తన ఉత్తరం తనే రాసుకుపోయి రిజిస్ట్రారుకిచ్చాడు. ఎవరు చదివారో, ఎవరు టిక్కు పెట్టారో, ఎవరికి ఎంత వేయమని తను చెప్పాడో అంతా రాశాడు. ఒక హాస్టల్ కుళాయి బాగు చేయమంటే ఆరు నెలలు తీసుకునే ఆఫీసు, ఆ రోజు రెండు గంటల్లో అతని కాంట్రాక్టు రద్దు కాగితం టైపు చేసి, ముద్ర వేసి, చేతికిచ్చింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకొని మద్దిలేటి స్కూటర్ తీశాడు. త్రివేణి అడగకుండానే వెనక ఎక్కింది.

వాళ్ళు ఆ పల్లె చేరేసరికి ఎండ వాలుతోంది. హనుమక్క నాయన ఎర్రిస్వామి ఇంటి ముందు గోనెసంచి మీద నడుముకు గుడ్డ బిగించుకొని కూర్చొని, పీక్కొచ్చిన వేరుశనగ చెట్ల నుంచి చెనక్కాయలు కోస్తున్నాడు. గుమ్మం పక్కన కొత్త బ్యాగు ఒకటి సర్ది ఉంది. వీళ్ళను చూసి హనుమక్క చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టి, తలుపు చాటుకు పోయింది.

మద్దిలేటి మెల్లగానే మొదలుపెట్టాడు. రెండు నెలలంటే అరవై రోజులే కదా అన్నాడు. ఎర్రిస్వామి కాయలు కోస్తూనే జవాబు చెప్పాడు. పరీక్ష రాస్తే ఉద్యోగం ఇప్పిస్తావా సామీ అని అడిగాడు. ఇప్పించలేనన్నాడు మద్దిలేటి. మరి ఈ రెండు నెలలు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారని అడిగాడు ఎర్రిస్వామి. మద్దిలేటి గొంతు లేచింది. మీ పిల్ల ల్యాబులో చెయ్యి పెడితే చుక్క అటూ ఇటూ పోదని, పదిహేడేళ్ళలో అట్లాంటి చెయ్యి చూడలేదని, ఆ చేతిని తీసుకుపోయి గుండీలు కుట్టిస్తావా అని అరిచాడు. చుట్టుపక్కల అరుగుల మీది వాళ్ళు లేచి వచ్చారు. అరుస్తూ అరుస్తూ మద్దిలేటి ఏడ్చేశాడు.

ఎర్రిస్వామి చేతిలోని చెట్టు పక్కన పెట్టి, నడుము పట్టుకొని, కష్టం మీద లేచి నిలబడ్డాడు.

"నువ్వెవరప్పా," అన్నాడు, "నా ఇంటికాడికొచ్చి నా మీద అరిచేదానికి?"

"ఆ పిల్లకి పాఠం చెప్పే సారును," అన్నాడు మద్దిలేటి.

ఆ మధ్యాహ్నం చేతికొచ్చిన కాగితం ప్రకారం అది నిజం కాదు. త్రివేణి సరిదిద్దలేదు.